కాలిఫోర్నియా సిటీ కౌన్సిల్‌లో ఆర్డినెన్స్ పాసయ్యే తీరు: ఎప్పుడు వెళ్ళాలి, ఏం మాట్లాడాలి

ఆర్డినెన్స్ (సిటీ చేసే స్థానిక చట్టం) మీద కౌన్సిల్ రెండుసార్లు ఓటు వేస్తుంది. మార్పులు కావాలంటే మొదటి ఓటు నాటికే వెళ్ళాలి. రెండోసారికి వెళ్తే వాళ్ళు వింటారు గానీ, అప్పుడు అక్షరం మార్చడానికి కూడా వెనకాడతారు. ఎందుకో కింద చెప్తాం.

ఇవి ఫ్రీమాంట్, కూపర్టినో లాంటి జనరల్ లా సిటీల, అంటే రాష్ట్ర చట్టం ప్రకారమే నడిచే సిటీల, నియమాలు. శాన్ హోసే, సన్నీవేల్‌లకు సొంత చార్టర్లు (మూల నియమావళులు) ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ళు వాటిని చూసుకోవాలి.

రెగ్యులర్ మీటింగ్ అజెండా కనీసం 72 గంటల ముందు బయట పెట్టాలి. అందులో మీ అంశం ఆర్డినెన్సా, రిజల్యూషనా (తీర్మానమా) అన్నది ముందు చూడండి. రిజల్యూషన్ అయితే ఒక్క ఓటుతో సరి, రెండో అవకాశం లేదు. ఆర్డినెన్స్ అయితే స్టాఫ్ రిపోర్టుకి జతచేసిన ముసాయిదా తెరవండి. పాత నియమాన్ని సవరిస్తున్నప్పుడు సాధారణంగా తీసేసే మాటల మీద అడ్డగీత, కొత్తగా చేర్చేవాటి కింద గీత ఉంటాయి. రిపోర్టులోని సారాంశం చదివి ఊరుకోకండి. చిక్కంతా ఆ గీతల దగ్గరే ఉంటుంది.

మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళైనా, గ్రీన్‌కార్డు వాళ్ళైనా మాట్లాడవచ్చు. మామూలుగా మూడు నిమిషాలిస్తారు, జనం ఎక్కువైతే మేయర్ తగ్గించవచ్చు. అందుకే అసలు విషయాన్ని మొదటి నిమిషంలోనే చెప్పేయండి. "ఇది అన్యాయం" అని వదిలేస్తే ఎవరూ ఏమీ రాసుకోరు. "ఫలానా సెక్షన్‌లో రాత్రి 8 అని ఉన్నచోట 7 అని మార్చండి" అంటే సిటీ అటార్నీ అక్కడికక్కడే రాసుకోగలరు. ముందుగా ఈమెయిల్ పంపితే సిటీ క్లర్క్ (సిటీ రికార్డులు చూసే అధికారి) ద్వారా పంపండి. సభ్యులు రిప్లై-ఆల్‌లో చర్చ మొదలుపెట్టి అందులో సగానికి మించి పాల్గొంటే అది బ్రౌన్ యాక్ట్ (కౌన్సిల్ చర్చలు బహిరంగంగానే జరగాలనే రాష్ట్ర చట్టం) ఉల్లంఘన అవుతుంది.

లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. ఐదుగురు సభ్యుల కౌన్సిల్‌లో ముగ్గురొస్తే కోరం సరిపోతుంది, కానీ ఆర్డినెన్స్‌కి మొత్తం సభ్యుల్లో మెజారిటీ, అంటే 3 ఓట్లు, పడాల్సిందే. వచ్చిన ముగ్గురిలో 2-1గా చీలితే అది పాసైనట్టు కాదు. స్వప్రయోజనం ఉందని ఒకరు పక్కకు తప్పుకున్నా కావాల్సిన సంఖ్య తగ్గదు.

మొదటి ఓటు పడ్డాక కనీసం ఐదు రోజులు ఆగాలి. రెండో ఓటు రెగ్యులర్ మీటింగులోనే జరగాలి, స్పెషల్ మీటింగులో కుదరదు. చాలా ఊళ్ళలో దీన్ని కన్సెంట్ క్యాలెండర్‌లో (అన్నిటినీ కలిపి ఒకే ఓటుతో ఆమోదించే జాబితాలో), పది అంశాల మధ్య ఒకటిగా, చర్చ లేకుండా కానిచ్చేస్తారు. ఆ రోజు ముసాయిదాలో 8ని 7 చేస్తే మళ్ళీ ఐదు రోజులాగి మరో రెగ్యులర్ మీటింగులో పాస్ చేయాలి. అక్షరదోషాలు దిద్దడం మార్పు కింద లెక్కకు రాదు. మిగతా ఏ మార్పుకైనా ఇలా మళ్ళీ మొదలుపెట్టాలి కాబట్టే సభ్యులు వెనకాడతారు.

అత్యవసర ఆర్డినెన్స్‌కి ఈ గడువు వర్తించదు. ఒకే రోజు, స్పెషల్ మీటింగులోనైనా పాస్ చేయవచ్చు, స్పెషల్ మీటింగుకి 24 గంటల నోటీసు చాలు. ప్రజల ఆరోగ్యం, భద్రత పేరుతో తెస్తే అత్యవసరం ఏమిటో ఆ పత్రంలోనే రాయాలి, ఐదింట నాలుగు వంతుల ఓట్లు రావాలి. ఆ కారణాలు పొడిపొడిగా ఉంటే కోర్టులో పట్టు దొరికేది అక్కడే.

పాసయ్యాక మేయర్ సంతకం చేస్తారు, క్లర్క్ ధ్రువీకరిస్తారు. 15 రోజుల్లోగా, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా పత్రికలో ప్రకటించాలి. మామూలు ఆర్డినెన్స్ 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. రిఫరెండం పిటిషన్‌కి, అంటే ఆర్డినెన్స్‌ని ఆపమని ఓటర్లు సంతకాలతో ఇచ్చే అర్జీకి, గడువు కూడా క్లర్క్ ధ్రువీకరించిన రోజు నుంచి 30 రోజులే. ఊళ్ళో నమోదైన ఓటర్లలో 10 శాతం సంతకాలు చేస్తే ఆర్డినెన్స్ ఆగిపోతుంది. అప్పుడు కౌన్సిల్ దాన్ని రద్దు చేసుకోవాలి, లేదా ఎన్నికకు పెట్టాలి. ఇక్కడ మాత్రం ఆ ఊరి ఓటర్ల సంతకాలే చెల్లుతాయి. పిటిషన్‌లో ఆర్డినెన్స్ పూర్తి పాఠం లేకపోతే కట్టలకొద్దీ సంతకాలున్నా చెత్తబుట్టకే. అత్యవసర ఆర్డినెన్స్‌ల మీద ఈ దారి లేదు.

వెబ్‌సైట్‌లోని మునిసిపల్ కోడ్ కొత్త మార్పులతో వెంటనే అప్‌డేట్ కాకపోవచ్చు. జరిమానా నోటీసు వచ్చినా, పర్మిట్‌కి వెళ్తున్నా, సంతకాలైన ప్రతిని క్లర్క్ ఆఫీసులో అడిగి తీసుకోండి.