చంపొరాడో కుదరలేదా? తప్పు ఎక్కడుందో చూద్దాం

ఫిలిప్పీన్స్‌లో వాన పడుతున్న పొద్దున చాలా ఇళ్లలో పొయ్యి మీద చంపొరాడో ఉంటుంది. జిగురు బియ్యంతో కాచే చాక్లెట్ జావ ఇది. మెక్సికోలో దీని మూలమైన చాంపుర్రాడోను మొక్కజొన్న పిండితో కాస్తారు. 1565 నుంచి 1815 వరకు అకపుల్కో, మనీలా మధ్య తిరిగిన స్పెయిన్ ఓడల కాలంలో ఆ అలవాటు సముద్రం దాటింది. ఫిలిప్పీన్స్‌లో పిండి చోటులోకి బియ్యం వచ్చింది. అందుకే చిక్కదనం మొత్తం బియ్యం మీదే ఆధారపడుతుంది.

నా కొలత: కప్పు జిగురు బియ్యం, ఆరు కప్పుల నీళ్లు, నాలుగైదు తబ్లేయ బిళ్లలు, అర కప్పు లోపు చక్కెర. తబ్లేయ అంటే వేయించిన కోకో గింజల్ని నూరి బిళ్లలుగా చేసినది.

నీళ్లు వేరు, మెతుకు వేరుగా ఉంది

బియ్యం మారింది, అంతే. సోనా మసూరి ఎంత ఉడికించినా ఆ జిగట రాదు. అక్కడ వాడేది మలగ్‌కిట్, పాలలా తెల్లగా ఉండే జిగురు బియ్యం. మన దేశంలో అస్సాం బోరా బియ్యం ఆ జాతిదే. ఏదీ దొరక్కపోతే కొత్త బియ్యం తీసుకుని, మెత్తగా ఉడికాక గరిటెతో మెదపండి. అదే రుచి అనలేను గానీ తినడానికి బాగుంటుంది.

జావ చిక్కబడింది, మెతుకులో మాత్రం పలుకు ఉంది

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. చక్కెర ముందే పడింది. చక్కెర నీటిని తనవైపు పట్టి ఉంచుతుంది, దాంతో గింజలోని పిండి సరిగా ఉబ్బదు. పరమాన్నంలో బెల్లం ముందే వేస్తే బియ్యం ఉడకదని మన ఇళ్లలో చెబుతారే, అదే సంగతి. ముందు బియ్యం పూర్తిగా ఉడకాలి, తర్వాత తబ్లేయ, ఆఖరున చక్కెర. ఇప్పటికే వేసేసి ఉంటే కప్పు మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచండి. మధ్యమధ్య కలుపుతూ ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. పొయ్యి పెద్దది చేస్తే మాత్రం అడుగంటుతుంది.

అడుగంటింది

గీకకండి. పైన ఉన్నదాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోండి. మాడు వాసన జావలోకి దిగిపోయి ఉంటే ఎంత పాలు పోసినా పోదు, మళ్లీ మొదలుపెట్టడమే మేలు. మందపాటి గిన్నె వాడండి, తబ్లేయ వేశాక గరిటె వదలకండి.

ఉండలు కట్టింది

కోకో పొడిని నేరుగా మరిగే జావలో చల్లితే ఇలాగే అవుతుంది. కొద్దిగా గోరువెచ్చని నీళ్లలో పేస్టులా కలిపి పోయాలి. తబ్లేయనైతే వేడి నీళ్లలో విడిగా కరిగించుకోండి. డ్రింకింగ్ చాక్లెట్ పొడిలో చక్కెర ఎక్కువ, కోకో తక్కువ, దాన్ని వాడొద్దు.

పైన నూనె తేలింది

భయపడకండి. అది కోకోలోని కొవ్వు, అసలైన తబ్లేయ వాడారని గుర్తు. కలిపితే కలిసిపోతుంది.

పాలు విరిగాయి

పాలు కూడా పోసి మరిగించారేమో. చంపొరాడోలో ఎవాపరేటెడ్ మిల్క్ గానీ కండెన్స్‌డ్ మిల్క్ గానీ గిన్నెలో వడ్డించాక పైన చుట్టూ పోస్తారు.

చల్లారాక ముద్దయిపోయింది

జిగురు బియ్యం గుణమే అది. గరిటెజారుగా ఉన్నప్పుడే దించండి. రాత్రి మిగిలింది పొద్దున గట్టిపడితే వేడి నీళ్లు పోసి సన్నని సెగ మీద వదులు చేసుకోండి.

తీపి మొహం మొత్తుతోంది

చక్కెర తగ్గించే ముందు పక్కన ఏం పెట్టుకున్నారో చూడండి. అక్కడ చంపొరాడోతో తుయో, అంటే ఉప్పు చేపను వేయించి తింటారు. ఈ జత నాకు ఎంతో ఇష్టం. కోస్తాలో ఎండు చేపల రుచి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఎండు మెత్తళ్ళు దొరికితే కరకరలాడేలా వేయించండి, కారం చల్లకుండా. చెంచాడు తీపి జావ, వెంటనే చిన్న చేప ముక్క.

చేప తిననివాళ్లు దించేముందు చిటికెడు ఉప్పు వేయండి.