కారు టాప్‌కు క్యారియర్ ఎలా బిగించాలి?

క్యారియర్ కొనే ముందే కారుతో వచ్చిన మాన్యువల్ తీసి, టాప్ మీద ఎంత బరువు పెట్టొచ్చో చూడండి. చాలా కార్లకు అది 50 నుంచి 75 కిలోలు. కొన్నిటికి అసలు పెట్టొద్దనే రాసి ఉంటుంది. పైన రూఫ్ రెయిల్స్ (టాప్ రెండు అంచుల వెంట పొడవునా ఉండే కడ్డీలు) ఉన్నాయి కదా అని మోసపోకండి. మన దగ్గర చాలా మోడళ్లకు అవి అందానికి పెట్టినవే, బరువు వేస్తే ఊడొస్తాయి.

క్యారియర్ బరువు కూడా ఆ లెక్కలోదే. 50 కిలోలు మోసే కారుకు 6 కిలోల క్రాస్‌బార్లు (టాప్ మీద అడ్డంగా వేసే కడ్డీలు) వేసి, వాటిపై 14 కిలోల ఇనుప బుట్ట పెడితే మిగిలేది 30. నిండా సర్దిన పెద్ద సూట్‌కేసు ఒకటి, చిన్న సంచి ఒకటి, అంతే. అందుకే ఇనుప బుట్ట వద్దు. రెండు అల్యూమినియం క్రాస్‌బార్లు చాలు.

అంబాసిడర్, ఓమ్ని కార్లకు టాప్ అంచున వాన నీళ్ల గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు అందులో కూర్చునేవి. ఇప్పటి కార్లకు ఆ గాడి లేదు కాబట్టి మీ మోడల్‌కు, అది తయారైన సంవత్సరానికి సరిపోయే ఫిట్టింగ్ కిట్టే తీసుకోవాలి. ‘అన్ని కార్లకూ పడుతుంది’ అని అమ్మేది ఏ కారుకూ సరిగ్గా పట్టదు.

కిట్‌లో వచ్చే ఆలెన్ కీ (బోల్టులు తిప్పే ఆరు పలకల వంకర కడ్డీ), కొలిచే టేపు, తడిగుడ్డ, పొడిగుడ్డ, సాయానికి ఇంకో మనిషి ఉంటే చాలు. కారు నీడలో పెట్టి తలుపులన్నీ తెరవండి. కాళ్లు ఆనే చోట శుభ్రంగా తుడవండి. రబ్బరు ప్యాడ్ కింద ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా కారు కదిలినంతసేపూ పెయింటును గీరుతూనే ఉంటుంది. కిట్ కాగితంలో చెప్పిన కొలతకే బార్లు పెట్టి, రెండు వైపులా సమానంగా వచ్చాయో లేదో టేపుతో చూడండి.

ఎక్కువమంది పాడుచేసేది బిగింపు దగ్గరే. ఒక వైపు పూర్తిగా బిగించేసి రెండో వైపుకు వెళతారు. అప్పటికే బారు ఇటు లాగేసి ఉంటుంది. అటువైపు కాలు వాలిపోతుంది, దాని క్లాంప్ (ఫ్రేమును పట్టి ఉంచే పట్టీ) తలుపు ఫ్రేము అంచును కొసనే పట్టుకుంటుంది. చేత్తో చూస్తే గట్టిగానే ఉన్నట్టు ఉంటుంది. గతుకుల రోడ్డు మీద కొంత దూరం పోయాక వదులవుతుంది.

నాలుగు బోల్టులూ మొదట వేళ్లతోనే తిప్పండి. తర్వాత కుడివైపు రెండు చుట్లు, ఎడమవైపు రెండు చుట్లు, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ప్రతిసారీ వంగి చూడండి: క్లాంప్ ఫ్రేముకు పూర్తిగా ఆనుకుందా, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ దాని కింద నలగలేదు కదా? కాగితంలో బోల్టు ఎంత బలంగా తిప్పాలో న్యూటన్ మీటర్లలో ఇస్తారు. చాలా కిట్లకు అది 4 నుంచి 6 న్యూటన్ మీటర్లే. కీకి పైపు తగిలించి బలమంతా పెడితే టాప్ రేకు సొట్టపోతుంది, లేదా బోల్టు మర పోతుంది.

ఇప్పుడు క్లాంప్ పక్కన ఒక కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే వాన నీళ్లు కూడా అక్కణ్నుంచే లోపలికి వస్తాయి. ఆ తర్వాత కాలు దగ్గర బారు పట్టుకుని ఊపండి. కారు మొత్తం ఊగాలి. బారు మాత్రమే కదిలితే ఇంకాస్త బిగించి వదిలేయకండి, విప్పి మొదటి నుంచి వేయండి. 50 కిలోమీటర్లు నడిచాక ఒకసారి, ఆపైన ప్రతి ప్రయాణానికి ముందూ బిగింపు చూడాలి.

కట్టడానికి బకిల్ ఉన్న బెల్టులే వాడండి. నైలాన్ తాడు వానకు తడిస్తే సాగుతుంది. బైకులకు వాడే కొక్కేల రబ్బరు తాళ్లు అసలు పనికిరావు. బరువైన సామాను కారు లోపల, తేలికైనవి పైన. టార్పాలిన్ ముందు అంచు సామాను కిందికి మడవకపోతే గాలి దూరి చింపేస్తుంది. బెల్టుకు ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమని మోగదు. సామాను కారు పక్కలకు మాత్రం పొడుచుకు రాకూడదు.

పైన సామానుంటే గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకండి. 80 నుంచి 100కు వెళితే గాలి తోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మలుపుల్లో కారు మామూలు కంటే ఎక్కువ వాలుతుంది, బ్రేకు ముందే వేయాలి. నేల నుంచి సామాను పైవరకు ఎత్తు కొలిచి, చీటీ రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేటప్పుడు ఆ అంకె కావాలి.

తిరిగొచ్చిన రోజే క్యారియర్ విప్పేయండి, ఖాళీ బార్లు కూడా పెట్రోలు తాగుతాయి. విప్పేటప్పుడు ఏ కాలు ఏ మూలదో మార్కర్‌తో దాని మీదే రాసి, ఆలెన్ కీతో కలిపి ఒకే డబ్బాలో పెట్టండి.