పెద్దవాళ్లు లేని ఇంట్లో యుద్ధం: పిల్లల నవల రాసేవాళ్లకు

పెద్దవాళ్లెవరూ లేకుండా టీనేజ్ పిల్లలు యుద్ధకాలంలో ఎలా బతికారో నవలగా రాయాలని ఉందా? అయితే బాంబుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఇంట్లో బియ్యం డబ్బాలో ఎంత ఉందో రాసుకోండి. నేను తిరగేసి చేశాను. మొదటి ప్రతిలో రెండో పేజీకే విమానాలు దింపేశాను. పెరంబూర్‌లో ఉండే మా అక్క కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల, అది చదివి "పిన్నీ, మూడ్రోజుల్నుంచీ వీళ్లకి నీళ్లెక్కడివి?" అంది. నా దగ్గర జవాబు లేదు, మళ్లీ మొదటికొచ్చాను.

ఊరి కోసం ఎక్కడెక్కడో వెతకొద్దు, మీరు నడిచిన వీధులే తీసుకోండి. చెన్నైలో ఉంటాను కాబట్టి నేను రెండో ప్రపంచ యుద్ధం నాటి 1942 మద్రాసు పట్టుకున్నాను. 1941 డిసెంబర్ 23న జపాన్ బర్మాలోని రంగూన్ మీద బాంబులేసింది, మార్చి కల్లా ఆ ఊరు వాళ్ల చేతికి పోయింది. ఏప్రిల్ 5న కొలంబో, 6న మన విశాఖపట్నం, కాకినాడ. దాంతో మద్రాసులో అత్యవసరమైన పని లేనివాళ్లను ఊరు వదిలి వెళ్లమన్నారు, జనం మూటాముల్లె సర్దుకుని రైళ్ల మీద పడ్డారు. సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్క్‌లో అప్పట్లో జూ ఉండేది, బాంబు పడి బోన్లు విరిగితే క్రూరమృగాలు ఊళ్లోకి వస్తాయని వాటిని కాల్చి చంపేశారు. నా నవలలో మొదటి తుపాకీ చప్పుడు అదే. ఏడేళ్ల పిల్లాడు అది విని జపాన్ వాళ్లు వచ్చేశారనుకుంటాడు.

తమాషా ఏంటంటే జపాన్ సైన్యం మద్రాసుకు రానేలేదు. 1943 అక్టోబర్‌లో ఒక్క విమానం వచ్చి కొన్ని బాంబులు పడేసి పోయింది, అంతే. అయ్యో కథ చప్పబడిపోతుందే అని నాకూ టెన్షన్ పట్టుకుంది గానీ, ఇప్పుడైతే అదే మేలంటాను. ఖాళీ వీధి, ఇవాళో రేపో అన్న భయం, పక్కింటికి తాళం. పోరాట దృశ్యాలకంటే వీటితోనే పేజీలు బాగా కదులుతాయి.

పెద్దవాళ్లను తప్పించడం అన్నిటికంటే కష్టమైన పని. అందర్నీ ఒకే ప్రమాదంలో చంపేస్తే చదివే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, రచయితకి అడ్డం కాబట్టి చంపాడని. ఒక్కొక్కర్నీ ఒక్కో కారణంతో, అదీ కాస్త నెమ్మదిగా పంపండి. నా కథలో పిల్లల నాన్నకి రంగూన్‌లో ఉద్యోగం. బర్మాలో మనవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు, యుద్ధం వచ్చాక లక్షల మంది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ అడవుల్లోంచి నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్లూ ఎక్కువే. ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ చంటిదాన్ని తీసుకుని నెల్లూరు వెళ్లింది. మిగిలిన ముగ్గుర్నీ రెండ్రోజుల్లో తీసుకొస్తానన్న బాబాయి రాలేదు. ఎందుకు రాలేదో నేను చివరిదాకా చెప్పలేదు, పిల్లలకు తెలిసే వీలు లేదు కదా, వాళ్లకు తెలియనిది పాఠకుడికి చెప్పడం నాకు నచ్చదు.

ఇక లెక్కలు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, బియ్యం పడితో కొలిచేవాళ్లు. ముగ్గురికి రోజుకు అరపడి అనుకుని ఒక నోటుబుక్కులో రోజువారీగా తగ్గించుకుంటూ పొండి. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది కాబట్టి ధర పెంచుతూ పోవాలి. కట్టెలు, కిరసనాయిలు, కుండలో నీళ్లు కూడా ఇలాగే. ఏ రోజు సున్నాకి వస్తుందో ఆ రోజే మీకు అధ్యాయం దొరుకుతుంది, ప్లాట్ అని విడిగా జుట్టు పీక్కోవాల్సిన పని లేదు.

ఆ కాలం వాసన కావాలంటే పాత ఆంధ్రపత్రిక తిరగెయ్యండి. అప్పుడది మద్రాసు నుంచే వచ్చేది, పాత సంచికలు ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. వార్తలకంటే ప్రకటనలు బాగా చూడండి. తర్వాత నీళ్లు నింపిన బిందె చంకన పెట్టుకుని మీ వీధి చివరిదాకా ఒకసారి నడవండి. నవ్వకండి, నేను నడిచాను. పదమూడేళ్ల కుర్రాడు ఆ బిందెతో పరిగెత్తాడని రాసిన వాక్యం ఆ సాయంత్రమే కొట్టేశాను.

పారిపోయే దారి ముందే ఆలోచించి పెట్టుకోండి. నేను బకింగ్‌హామ్ కాలువ ఎంచుకున్నాను. ఇప్పుడు ఆ కంపు చూస్తే నమ్మరు గానీ, అప్పట్లో బేసిన్ బ్రిడ్జి దగ్గరికి ఆంధ్రా వైపు నుంచి కట్టెలు, సరుకు పడవల్లో వచ్చేవి. ఉత్తరాన పెదగంజాం దాకా పోతుంది. సరుకు దించి ఖాళీగా వెళ్లే పడవలో ముగ్గురు పిల్లలు దాక్కోవడానికి చోటుంటుంది.

పెద్దమ్మాయిని మాత్రం దేవతను చెయ్యొద్దు, పదహారేళ్లకు ఇంటి భారం పడితే ఎవరైనా కసురుకుంటారు. నా కథలో పిల్ల తమ్ముణ్ణి బెల్లంముక్క కోసం కొట్టి, ఆ రాత్రి తనే దొంగతనంగా తినేస్తుంది. అక్క కూతురికి బాగా నచ్చింది ఆ పేజీయే.

పెద్దవాళ్లు తిరిగొచ్చే సీన్ తొందరగా ముగించెయ్యకండి. నేను దాన్ని ఐదుసార్లు రాశాను. నెల్లూరు ఇంట్లో అమ్మ ఏడుస్తూ దగ్గరికి తీసుకుంటుంది, అన్నం పెడుతుంది, అదంతా సరే. కాసేపటికి వంటింట్లోంచి "ఎసట్లో అన్ని బియ్యం పోశావేంటమ్మా?" అని పెద్దది గట్టిగా అరుస్తుంది.