పచ్చ వైరు కనపడగానే ఎర్తు అనుకోకండి

మా ఇల్లు తెనాలిలో. నాన్న 1987లో కట్టించారు. హాలు స్లాబుకి ఇన్నాళ్లూ ఒక ప్లాస్టిక్ హోల్డరు, దానికో బల్బు, అంతే. నిరుడు ఎండాకాలంలో ఆ బల్బు మాడిపోతే, ఈసారి రేకు బాడీ ఉన్న గుండ్రటి ఎల్‌ఈడీ లైటు తెచ్చాను. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, ఓమ్ సూత్రం 26 ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను, ఒక లైటు బిగించుకోలేనా అని పంతం. బిగించాను, కానీ రెండు ఆదివారాలు పట్టింది.

అసలు మీరు కొన్న లైటుకి ఎర్తు కావాలా వద్దా అన్నది ముందు చూడండి. లైటు మీద గానీ పెట్టె మీద గానీ చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి ఎర్తు అక్కర్లేదు, లోపలే రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. రేకు బాడీ ఉండి, ఒక నిలువు గీత కింద మూడు అడ్డగీతలు ఒకదానికంటే ఒకటి చిన్నవిగా ఉన్న గుర్తు పక్కన స్క్రూ కనిపిస్తే ఎర్తు ఇచ్చి తీరాలి. లోపల ఫేజు వైరు, అంటే కరెంటు వచ్చే వైరు, ఊడి బాడీకి తగిలితే, మంచి ఎర్తు ఉన్నప్పుడు పెద్ద కరెంటు పారి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడే స్విచ్చి) పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఏమీ పడదు. బాడీ 230 వోల్టులతో అలాగే కూర్చుంటుంది, పండక్కి బూజు దులిపేవాళ్ల చెయ్యి తగిలేదాకా.

కరెంటు తీయడం దగ్గరే నేను తప్పు చేశాను. మెయిన్ దించాను. తమ్ముణ్ణి కుర్చీ వేసి మెయిన్ దగ్గర కూర్చోబెట్టాను, ఎవరూ వచ్చి ఎత్తకుండా. చెక్క స్టూలెక్కి హోల్డరు విప్పితే మూడు వైర్లు: ఎర్రది, నల్లది, పచ్చది. ఎర్రదానికి టెస్టర్ పెట్టాను, వెలగలేదు. నల్లది సరే. పచ్చదానికి పెడితే టెస్టర్ వెలిగింది!

రెండు సంగతులు ఒక్కసారే అర్థమయ్యాయి. మొదటిది ఇన్వర్టర్. మెయిన్ దించగానే అది అందుకుంది. మంచి బల్బు ఉండి ఉంటే వెలుగుతూనే ఉండేది, మాడిన బల్బు కాబట్టి నాకు తెలియలేదు. అందుకే హోల్డరు విప్పే ముందు వెలిగే బల్బు ఒకటి పెట్టి, అది ఆరడం కళ్లతో చూడండి. ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే నొక్కితే చాలదు, చాలా వాటిలో లైను కరెంటు నేరుగా దాటిపోతూ ఉంటుంది. మెయిన్ దించాలి, ఇన్వర్టర్ ఆపాలి, దాని ప్లగ్గు కూడా పీకాలి. గోడ మీది స్విచ్చి ఆపడాన్ని లెక్కలోకే తీసుకోకండి. స్విచ్చిని న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరులో, కలిపిన ఇళ్లు బోలెడు, వాటిలో స్విచ్చి ఆపినా హోల్డర్లో ఫేజు ఉంటుంది.

రెండోది, ఆ పచ్చ వైరు ఎర్తు కానే కాదు. ఇన్వర్టర్ లైను లాగినప్పుడు ఎర్ర వైరు అయిపోయిందో ఏమో, చేతిలో ఉన్న పచ్చదాన్ని ఫేజుకి వాడేశారు. పాత ఎర్రది పైపులో ఊరికే పడి ఉంది. రంగు చూసి ఆ పచ్చదాన్ని లైటు బాడీకి కలిపి ఉంటే, నా చేత్తో నేనే బాడీకి ఫేజు ఇచ్చినట్టయ్యేది.

టెస్టర్ గురించి ఒక మాట. చెడిపోయిన టెస్టర్ కూడా వెలగదు, కరెంటు లేకపోయినా వెలగదు. అందుకని పైకెక్కే ముందు, దిగాక, కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూడండి. మా మేడ మీది వాటాకి వేరే మీటరు, వాళ్ల మెట్ల దగ్గరి ప్లగ్గే నాకు పరీక్షశాల. రెండో సాక్షిగా మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, వైర్లని జంటజంటలుగా చూశాను.

స్లాబులో ఎర్తే లేదని తేలాక పని నా చేతిలోంచి పోయింది. ఉన్నదాని స్థానంలో లైటు, ఫ్యాను, స్విచ్చి మార్చుకోవడం వరకే మనది. కొత్త వైరు లాగడం లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. కిటికీ ఊచకో, కుళాయి పైపుకో, ఫ్యాను కొక్కేనికో వైరు చుట్టి ఎర్తు అనిపించుకోకండి. న్యూట్రల్‌కి అసలే కలపొద్దు. బయటెక్కడో న్యూట్రల్ తెగిన రోజున అలా కలిపిన ప్రతి రేకు బాడీకీ ఫేజు వస్తుంది. వచ్చిన వైర్‌మ్యాన్ ఆ పాత ఎర్ర వైరునే తాడులా వాడి కొత్త ఎర్రదీ, కొత్త పచ్చదీ కలిపి పైపులోంచి లాగాడు. పాత పచ్చదాన్ని పీకేశాడు.

రెండో ఆదివారం, కొత్త పచ్చ వైరు నిజంగా ఎర్తేనా అని నేను చూసుకున్న పద్ధతి ఇది. అంతా కరెంటు ఆపాకే. పాత త్రీపిన్ ప్లగ్గు ఒకటి విప్పి, ఎర్తుదైన లావు పిన్నుకి మాత్రమే ఒక పొడుగాటి వైరు కలిపి, మూత బిగించాను. దాన్ని వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టి, వైరు హాల్లోకి లాక్కొచ్చి, మల్టీమీటర్‌ని 200 ఓముల మీద ఉంచాను. ముందు పొడుగు వైరు విడిగా ఎంతో చూసుకోవాలి, నాది 0.8. పచ్చ వైరుతో కలిపి 1.2 వచ్చింది. అంటే ఎర్తు దారి 0.4 ఓములు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకి మీటరుకి సుమారు 0.018 ఓములు. హాలు నుంచి మెయిన్ బోర్డు, అక్కణ్ణుంచి వంటిల్లు, 18 మీటర్లకి 0.32. మిగతాది అతుకుల్లోది. లెక్క కుదిరింది. అదే పది, ఇరవై ఓములు వస్తే ఎక్కడో అతుకు వదులైందని అర్థం.

తర్వాత పచ్చకీ నల్లకీ మధ్య చూడండి, ఏమీ పలకకూడదు. పలికితే ఎవరో న్యూట్రల్‌ని ఎర్తుతో కలిపారు. అయితే ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ తెంచే డబుల్ పోల్ మెయిన్ దించితేనే ఈ పరీక్షకి అర్థం. ఒంటి ఎంసీబీ దించితే న్యూట్రల్ బయట ట్రాన్స్‌ఫార్మర్ దాకా కలిసే ఉంటుంది, అక్కడ దానికి ఎర్తు ఉంటుంది కాబట్టి మీటరు పలుకుతుంది.

కరెంటు పెట్టి ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వచ్చిందని సంబరపడేవాళ్లున్నారు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం మామూలుగా కోటి ఓములు, తుప్పు పట్టిన అతుకు గుండా కూడా అది 230 చూపిస్తుంది. కొందరు ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి వెలిగిస్తారు. ఎర్తు ఎక్కడైనా తెగి ఉంటే ఆ బల్బు గుండా ఫేజు వెళ్లి ఇంట్లో ఫ్రిజ్, గ్రైండర్ బాడీలన్నిటికీ ఎక్కుతుంది. ఇంట్లో మనం చేసే పరీక్ష కాదది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చి) మీది టెస్ట్ బటన్ కూడా ఎర్తు సంగతి చెప్పదు, ఎర్తు లేని ఇంట్లోనూ అది చక్కగా పడుతుంది. ఇక బయట ఎర్తు వైరు దిగే గొయ్యి ఎలా ఉందో ఎర్తు టెస్టర్ తెచ్చేవాళ్లే కొలవాలి. ఎండాకాలం దాంట్లో నీళ్లు పోయడం మాత్రం మన వంతు.

లైటు బిగించేటప్పుడు ముందు ఎర్తు కలపండి, ఆ వైరుని మిగతా రెంటికంటే కాస్త పొడుగ్గా వదలండి. లైటు జారి వేలాడినా చివరగా ఊడేది అదే అవుతుంది. స్క్రూ కింద రంగు పూత ఉంటే గీకేయాలి, రంగు మీద బిగిస్తే కలవనట్టే. బిగించాక బాడీకీ ఫ్రిజ్ ప్లగ్గుకీ మధ్య మళ్లీ కొలిచాను, అదే 0.4. తమ్ముడు మెయిన్ ఎత్తాక బాడీకి చెయ్యి కాదు, టెస్టర్ తగిలించాను. వెలగలేదు.

ఇన్వర్టర్ లైను లాగిన ఆ మనిషే పడగ్గదులు రెంటిలోనూ పనిచేశాడు. ఆ బాక్సులు ఇంకా విప్పలేదు. అప్పటిదాకా అక్కడ ప్లాస్టిక్ హోల్డర్లే.