కాటా రూముకి దారి: గేట్‌వేలో స్టాటిక్ రూట్

గుంటూరులో మా బావమరిది మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆఫీసు గేటు దగ్గర, లారీలు తూచే కాటా వెనక యార్డులో. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1.0. కాటా రూములో వేరే రూటర్ ఉంది, దాని వెనక 192.168.20.0. తూకాలు చూపించే కంప్యూటర్ 192.168.20.50. ఆఫీసులోంచి దాన్ని తెరుద్దామంటే రాదు. ఆఫీసు గేట్‌వేకి, అంటే ఇంటర్నెట్ లైను వచ్చే మెయిన్ రూటర్‌కి, ఈ 20 సిరీస్ (192.168.20తో మొదలయ్యే అడ్రసులు) ఎక్కడుందో తెలీదు. తెలియనిదల్లా ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది. 192.168 అడ్రసులు బయట చెల్లవు కాబట్టి ప్యాకెట్ కథ అక్కడితో సరి.

ముందు కాటా రూటర్‌కి ఆఫీసు వైపు అడ్రసు ఫిక్స్ చేయండి. మాది 192.168.1.2. అడ్రసులు తనంతట తానే పంచే డీహెచ్‌సీపీకి వదిలేస్తే, ఏదో ఒకరోజు కరెంటు పోయొచ్చాక అడ్రసు మారి కూర్చుంటుంది.

తర్వాత గేట్‌వే అడ్మిన్ పేజీలో స్టాటిక్ రూటింగ్ తెరవండి, అంటే ఫలానా నెట్‌వర్క్‌కి ఫలానా దారి అని మనమే రాసిపెట్టే చోటు. డెస్టినేషన్ 192.168.20.0, సబ్‌నెట్ మాస్క్ (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పేది) 255.255.255.0, గేట్‌వే గడిలో కాటా రూటర్ అడ్రసు 192.168.1.2, ఇంటర్‌ఫేస్ లాన్ (లోపలి నెట్‌వర్క్ వైపు). మొదటిసారి నేను గేట్‌వే గడిలో 192.168.20.1 కొట్టాను. అసలు ఎలా చేరాలో తెలియని నెట్‌వర్క్‌లోని అడ్రసునే దారి అడగమంటే అది మాత్రం ఏం చేస్తుంది? నేరుగా పిలిస్తే పలికే అడ్రసే అక్కడ ఉండాలి.

కాటా రూటర్‌లో నాట్ (లోపలి అడ్రసుల్ని దాచి తన అడ్రసు పెట్టే పని) ఆపి, ఫైర్‌వాల్‌లో (రాకపోకలకి కాపలా) 192.168.1.0 నుంచి వచ్చేవాటిని రానివ్వాలి. కొన్ని చవక రూటర్లలో నాట్ ఆపే ఆప్షనే ఉండదు, కొనేముందే చూసుకోండి. నాట్ ఆపగానే కాటా రూములో ఇంటర్నెట్ పోయిందంటే ఆఫీసు గేట్‌వే 20 సిరీస్‌కి నాట్ చేయట్లేదన్నమాట. ఆ సిరీస్‌ని అక్కడ కలపాలి.

ఇంత చేశాక పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతుందో లేదో చూసే పరీక్ష) వచ్చింది. తూకాల పేజీ మాత్రం తెరుచుకోకుండా గిర్రున తిరుగుతూనే ఉంది. ఆదివారం మొత్తం దీనికే పోయింది. సంగతేంటంటే, మన సిస్టమ్ పంపేది గేట్‌వే మీదుగా కాటా రూటర్‌కి వెళ్తుంది. జవాబు అలా రాదు. కాటా రూటర్, మన సిస్టమ్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి గేట్‌వేతో పని లేకుండా నేరుగా వచ్చేస్తుంది. గేట్‌వే ఫైర్‌వాల్‌కి సగం సంభాషణే వినబడుతుంది. పేజీలు తెరిచే టీసీపీ మొదలయ్యేది మూడు మాటలతో: మన పిలుపు, అవతలి జవాబు, మన ఒప్పుకోలు. ఆ జవాబు వినని గేట్‌వే మూడో మాట దగ్గర అనుమానం వచ్చి ఆపేస్తుంది. పింగ్‌కి ఆ పట్టింపు లేదు.

గేట్‌వేలో ఖాళీ పోర్ట్ ఉంటే కాటా రూటర్‌ని దానికి మార్చి, 10.0.0.0, మాస్క్ 255.255.255.252తో చిన్న నెట్‌వర్క్ విడిగా ఇవ్వడం నా లెక్కలో శుభ్రమైన పని. గేట్‌వే 10.0.0.1, కాటా రూటర్ 10.0.0.2, రూట్‌లో గేట్‌వే గడికీ 10.0.0.2నే. అప్పుడు జవాబు కూడా గేట్‌వే మీదుగానే వస్తుంది. ఫైర్‌వాల్ రూల్స్ ఆ పోర్ట్‌కీ రాయాలి. మాకు పోర్ట్ ఖాళీ లేదు. ఆఫీసులో ఉన్నవి రెండే సిస్టమ్‌లు కాబట్టి విండోస్ రూట్ కమాండ్‌తో ఒక్కోదాంట్లో 20 సిరీస్‌కి 192.168.1.2 దారి అని రాసేశాను, ఇక రెండు వైపులా గేట్‌వే జోలే లేదు. అందులో పీ స్విచ్ (-p) మరిచిపోతే రీస్టార్ట్‌తో చెరిగిపోతుంది. సిస్టమ్‌లు పది దాటితే డీహెచ్‌సీపీ ఆప్షన్ 121తో (అడ్రసుతో పాటే దారి కూడా ఇచ్చేది) పంచడమే సుఖం.

ఇప్పుడు ట్రేసర్ట్ (ప్యాకెట్ ఏ దారిన వెళ్తుందో చూపే కమాండ్) కొడితే రెండే అడుగులు: 192.168.1.2, ఆపైన 192.168.20.50. గుమస్తా కుర్చీలోంచి లేవకుండానే లారీ తూకం చూస్తున్నాడు.