వానాకాలంలో నీళ్ల ట్రే ఖాళీగా ఉంచండి: ఇంటి ఇంక్యుబేటర్‌లో తేమ లెక్క

మాది రాజాం దగ్గర పల్లె. పోయిన శ్రావణంలో థర్మోకోల్ పెట్టెతో చేసుకున్న ఇంక్యుబేటర్‌లో ముప్పై నాటుకోడి గుడ్లు పెట్టాను. ఏదో వీడియోలో చెప్పారని ట్రే నిండా నీళ్లు పోసి, 21 రోజులూ అవి తగ్గకుండా కాపలా కాశాను. పిల్లలైనవి పదకొండు. మిగతావి పగలగొట్టి చూస్తే చాలా గుడ్లలో నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్ల ఉంది, ముక్కు చుట్టూ జిగట నీళ్లు. మా పెద్దమ్మ చూసి, "ఏట్రా ఇది, పెట్టకి గిన్నెతో నీల్లు ఎవుడెట్టేడు?" అంది. అప్పుడు కోపం వచ్చింది గానీ, ఆవిడ అన్నదే అసలు సంగతి.

గుడ్డు పొదిగే రోజుల్లో లోపలి నీటిని కొంచెం కొంచెంగా పెంకు రంధ్రాల్లోంచి పోగొట్టుకోవాలి. ఎంత నీరు పోతే మొద్దు వైపున గాలి అర అంత పెరుగుతుంది. చివర్లో పిల్ల ముందు ఆ గాలి అరలోకి ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది, ఆ తర్వాతే పెంకు కొడుతుంది. తేమ ఎక్కువైతే నీరు బయటకు పోదు, అర చిన్నగా ఉండిపోతుంది, పిల్ల లోపలే మునిగిపోతుంది. నాకు జరిగింది ఇదే. తేమ మరీ తక్కువైతే దీనికి రివర్స్: పిల్ల చిన్నగా, నీరసంగా తయారవుతుంది, లోపలి పొర ఎండి ఒంటికి అంటుకుపోయి తిరగలేక ఆగిపోతుంది.

అందరూ చెప్పే లెక్క తెలిసిందే. ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు, మొదటి 18 రోజులు తేమ 45 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. లెక్క తప్పు కాదు. కానీ నీళ్లు ఎంత పోస్తే ఆ అంకె వస్తుందన్నది మీ ఊరి గాలిని బట్టి ఉంటుంది, వీడియో తీసిన వాళ్ల ఊరిని బట్టి కాదు. గాలిని వేడి చేస్తే దాని తేమ శాతం పడిపోతుంది. మన వైపు వానాకాలంలో గది 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి, అదే గాలి పెట్టెలోకి వెళ్లి 37.5కి వేడెక్కితే దాదాపు 50 శాతం అవుతుంది. అంటే చుక్క నీరు పోయకుండానే మనకు కావలసిన అంకె వచ్చేసింది! ఇక ట్రే నింపితే ఏమవుతుందో నన్ను అడగండి. అదే సంక్రాంతి రోజుల్లో గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే పెట్టెలో 22 శాతం దగ్గరికి దిగిపోతుంది, అప్పుడు నీళ్లు తప్పనిసరి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లకీ, సాలూరు వైపు కొండ కింద ఊళ్లకీ ఒకే కొలత సరిపోదు.

తేమ చూపించే మీటర్‌ను గుడ్డిగా నమ్మకండి. చవక డిజిటల్ మీటర్లు ఐదారు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. పరీక్ష సులువు: సీసా మూతలో ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు కలపండి, పైన నీరు నిలవకూడదు. ఆ మూతనూ మీటర్‌నూ ఒక జిప్ కవర్‌లో పెట్టి గట్టిగా మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న 75 చూపించాలి. నాది 82 చూపించింది, అందుకే ఇప్పుడు అది ఏం చెప్పినా ఏడు తీసేసి చదువుతాను. పెట్టెలో మీటర్ గుడ్ల ఎత్తులో ఉండాలి, ట్రే పైన వేలాడదీస్తే అది ట్రే సంగతి చెబుతుంది, గుడ్ల సంగతి కాదు.

మీటర్ కన్నా నేను నమ్మేది వంటింటి త్రాసు. మొదటి రోజు గుడ్లన్నీ కలిపి తూచి ఒక కాగితం మీద రాసుకోండి. 18వ రోజుకి ఆ బరువులో 12, 13 శాతం తగ్గాలి. 45 గ్రాముల గుడ్లు ముప్పై అంటే 1350 గ్రాములు. ఆరో రోజుకి 1290, పన్నెండో రోజుకి 1235, పద్దెనిమిదో రోజుకి 1175 అటూ ఇటూగా ఉంటే అంతా బాగున్నట్టే. ఆరో రోజు 1315 ఉంటే తేమ ఎక్కువైంది, ట్రే తీసేయండి. 1260కి పడిపోతే నీళ్లు పెంచండి. ఇక్కడ ఒక రోజు అంకె చూసి కంగారు పడనక్కర్లేదు, మూడు రోజులు ఎక్కువైనా తర్వాత మూడు రోజులు తగ్గించి సరిచేసుకోవచ్చు. మధ్యలో టార్చ్ వేసి చూసి పిల్ల కట్టని గుడ్లు తీసేస్తే, వాటి బరువు మొదటి లెక్కలోంచి కూడా తీసేయాలి. అందుకే ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో దాని మొదటి బరువు రాస్తాను. స్కెచ్ పెన్ వద్దు.

తేమ పెంచాలంటే ట్రే లోతు కాదు, వెడల్పు పెంచాలి. లోతైన గిన్నెలో లీటరు నీళ్లున్నా, పళ్లెంలో పావు లీటరు పోసినా, ఆవిరయ్యేది పైన కనిపించే నీరే. పళ్లెంలో స్పాంజి ముక్కలు నిలబెడితే ఇంకా పెరుగుతుంది. పోసే నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, కుండలో చల్లటివి పోస్తే పెట్టె వేడి ఒక్కసారి పడిపోతుంది. తేమ నిలవడం లేదని గాలి రంధ్రాలకు టేపు వేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. చివరి రోజుల్లోనే పిల్లలకు గాలి ఎక్కువ కావాలి. గుడ్ల మీద నీళ్లు చల్లడం కూడా అక్కర్లేదు.

18వ రోజు గుడ్లను అటూ ఇటూ తిప్పడం ఆపేసి, పడుకోబెట్టి, రెండో పళ్లెం కూడా పెట్టి తేమ 65 దాటించి మూత వేసేయండి. ఇక మూత తీయకూడదు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పెంకుకు కన్నం పడ్డాక పిల్ల బయటకు రావడానికి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు పడుతుంది, ఈలోగా లోపలి నుంచి కీచు కీచుమంటుంటే ఇంట్లో పిల్లలు, పక్కింటి వాళ్లు, అందరూ "ఒకసారి తీసి చూడు" అంటారు. తీసిన ప్రతిసారీ తేమ దిగిపోయి, కన్నం దగ్గర తెల్ల పొర ఎండి పిల్లను కట్టేస్తుంది. నీళ్లు పోయాలంటే ముందే పెట్టె పక్కన కన్నం చేసి సెలైన్ గొట్టం లాంటిది పళ్లెంలోకి దింపి ఉంచుకోండి, బయట నుంచి సిరంజితో పోయొచ్చు. ఒకటి రెండు పిల్లలు బయటకు రాగానే వాటి తడికి మీటర్ 80 దాటేస్తుంది, టెన్షన్ పడకండి, అదే దిగుతుంది.

బాతు గుడ్లయితే 28 రోజులు, గిన్నె కోడికి 26 నుంచి 28, అక్కడ కూడా త్రాసు పద్ధతే పనికొస్తుంది. మొన్న ఒకతను జీడితోటలో కొండచిలువ గుడ్లు దొరికాయి, నీ మెషిన్‌లో పెడతావా అని అడిగాడు. పెట్టను. అది 1972 వన్యప్రాణి చట్టం కింద మొదటి షెడ్యూల్ జంతువు, గుడ్లు కదిలించకుండా ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయాలి. పైగా కోడిగుడ్డు తిప్పకపోతే పాడవుతుంది, ఆ గుడ్డు తిప్పితే పాడవుతుంది. దానిది మెత్తటి పెంకు, గాలి పొడిగా ఉంటే సొట్టలు పడిపోతుంది.

అక్టోబర్‌లో గుడ్లు పెట్టేవాళ్లు కరెంట్ సంగతి ముందే చూసుకోండి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి చీకటే. కరెంట్ పోతే వేడి నీళ్లు పోసిన సీసాలు మూత బిగించి పెట్టెలో పెట్టి, రంధ్రాలు వదిలేసి పైన దుప్పటి కప్పితే కొన్ని గంటలు నెట్టుకురావచ్చు.

పిల్లలు బయటకు వచ్చాక ఒళ్లు ఆరి నూగు పొంగే వరకు లోపలే వదిలేయండి, ఒక రోజు మేత లేకపోయినా కడుపులోని పచ్చసొన సరిపోతుంది. తర్వాత పళ్లేలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. స్పాంజి మాత్రం పారేయండి, ఐదు రూపాయల ముక్క, అది మురిగిన వాసన వచ్చే బ్యాచ్ అంతా బొడ్డు వాచిన పిల్లలే.