అలుగుకు అడ్డం పెట్టకండి

మొన్న వాన వెలిసిన మర్నాడు మంగళగిరి అవతల ఒక ఫార్మ్‌హౌస్ చెరువు చూడమని పిలిస్తే వెళ్లాను. కట్ట మీద సిమెంటు బెంచీలు, రంగు దీపాలు, ఒడ్డున రెండు పెడల్ బోట్లు. కట్ట వెనక వాలులో మాత్రం మనిషి దిగేంత కోత. చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లే అలుగు దగ్గరకు వెళ్తే సంగతి తెలిసింది. చేపలు పోకుండా గుత్తదారు వల కట్టాడు. బోట్లకు లోతు చాలదని యజమాని రెండు వరుసల ఇసుక బస్తాలు పేర్చాడు. వలకు గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని గోడ కట్టినట్టుంది. ఇంకో గంట కురిస్తే దిగువన కూలీల పాకలు మిగిలేవి కావు.

మట్టికట్ట నీటి బరువు మోస్తుంది. మీద నుంచి పొర్లితే తట్టుకోలేదు, వెనక వాలు కోసుకుపోతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది. అక్కడ ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మీకున్నదే ఒక్క అలుగు, దాన్నీ మూస్తారా?

కట్ట వెనక తేట ఊట కొద్దిగా చెమర్చడం మామూలే. అనుమానం వస్తే గాజు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపల కరుగుతోంది. ఊట వచ్చే రంధ్రాన్ని బంకమట్టితో మూస్తే నీరు పక్కన దారి చేసుకుంటుంది. ముతక ఇసుక, దాని మీద కంకర పోయండి. నీరు రావాలి, మట్టి రాకూడదు. వెంటనే ఇంజినీరును పిలవండి.

తుపానులు అక్టోబరుతో అయిపోవు. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అందుకని చెరువు నీరు కిందికి వదిలే తూము షట్టరు ఇప్పుడే తిప్పి చూడండి. హెచ్చరిక వచ్చాక మట్టం దించాలంటే నెమ్మదిగా దించండి, ఒక్కసారిగా ఖాళీ చేస్తే నానిన లోపలి వాలు జారుతుంది. ఎలుక బొరియలు పూడ్చండి. కట్ట మీద కార్లు నిలపవద్దు. వాన రోజుల్లో బోట్లు కట్టేయండి. అలుగు నుంచి వాగు దాకా నడిచి చూడండి. దిగువ ఇళ్లవాళ్ల నంబర్లు వాచ్‌మన్ గది గోడ మీద రాయండి. ఊట బురదగా మారితే ముందు వాళ్లను లేపండి, ఆపైన 112కు ఫోను చేయండి. బస్తాలు తీసేయండి. వల తీసేయండి, ఈ రోజే. చేపలు పోతే పోనివ్వండి. గుత్తదారు గొడవ చేస్తే అతని డబ్బు తిరిగి ఇచ్చేయండి.